రెండో మనిషికి చెప్పాల్సిన మాట

జ్వరమొస్తే నలుగురికీ చెప్పుకుంటాం. షుగరు ఉందని పెళ్లిభోజనాల దగ్గర లడ్డు వద్దంటూ అందరి ముందూ చెబుతాం. అదే మర్మాంగం మీద పుండు లేస్తే, ఒంటికి పోయేటప్పుడు మంట పుట్టి చీము కనబడితే, కట్టుకున్న మనిషికి కూడా చెప్పం. రాత్రిళ్లు ఒంటరిగా కుమిలిపోతాం. బస్టాండు గోడ మీద "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" అని అంటించిన కాగితంలోని ఫోను నంబరు గుర్తుపెట్టుకుంటాం. మనల్ని ఎవరూ ఎరగని ఊరికి పోయి, ఎవరో ఇచ్చిన పొట్లాలు మింగి, తగ్గిందనుకుని ఇంటికొస్తాం. నెల తిరిగేసరికి మళ్లీ మొదలవుతుంది.

ఈ అధ్యాయం ఆ చెప్పుకోలేని జబ్బుల గురించి. పెద్దవాళ్లు సెగ, సవాయి అని పిలిచినవి, ఆసుపత్రి చీటీ మీద ఎస్‌టీఐ అని రాసేవి, లైంగిక సంబంధం ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకేవి ఇవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 ఒక్క ఏడాదిలోనే 15 నుంచి 49 ఏళ్ల వయసువాళ్లలో సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు జబ్బుల కేసులు కొత్తగా 37.4 కోట్లు వచ్చాయి. అంటే రోజుకు పది లక్షలకు పైమాటే. ఈ నాలుగూ మందుకు లొంగేవే. కొన్నింటికి ఒక్క మోతాదు చాలు, మరికొన్నింటికి కొద్ది వారాలు పడుతుంది.

మందు ఉండీ జబ్బు ఎందుకు పోవడం లేదు? నా జవాబు ఇది. ప్రతి కేసులోనూ కనీసం ఇద్దరు మనుషులుంటారు. మొదటి మనిషి బాధ తట్టుకోలేక ఏదో ఒకనాటికి ఆసుపత్రి గడప తొక్కుతాడు. రెండో మనిషికి తనలో జబ్బు ఉన్న సంగతే తెలియదు. ఆ రెండో మనిషి ఎవరో డాక్టరుకు తెలియదు, ప్రభుత్వానికి తెలియదు, మొదటి మనిషికే తెలుసు. ఆ మనిషి ధైర్యం చేసి చెప్పే ఒక్క మాట మీద ఇంత పెద్ద ప్రజారోగ్య వ్యవస్థ ఆధారపడి ఉంది. ఆ మాట చెప్పగల ధైర్యాన్ని మీకు అందించడమే ఈ అధ్యాయం పని.

మన వైపు సంగతి

అనంతసాగరం, మర్రిపాడు, ఉదయగిరి, సీతారామపురం. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ఇది. పెన్నా మీద కట్టిన సోమశిల ప్రాజెక్టు అనంతసాగరం మండలంలోనే ఉన్నా, ఉదయగిరి కొండల కింది పల్లెలు వానదేవుడి మీదే బతుకుతున్నాయి. వాన మొహం చాటేస్తే మనుషులు బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు దారి పడతారు. ఇంకొందరు కువైట్ విమానం ఎక్కుతారు. ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు పోయే రోడ్డు మీద లారీలు నడిపి సంసారం ఈదేవాళ్లున్నారు. ఆడవాళ్లు కూడా కూలిపనులకు, ఇంటిపనులకు దూరదేశాలు పోతున్నారు.

వలస పోవడం తప్పు కాదు, వలస పోయినవాళ్లంతా జబ్బు తెచ్చుకుంటారనడం అంతకన్నా పెద్ద తప్పు. అయితే నెలల తరబడి ఆలుమగలు విడిగా ఉండడం, తెలియని ఊళ్లో ఒంటరితనం, చేతిలో కాసిని డబ్బులు, అడిగేవాళ్లు లేకపోవడం, ఇవన్నీ కలిసినచోట ఈ జబ్బులకు దారి సులువవుతుంది. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తన కార్యక్రమాల్లో వలస కూలీలకు, లారీ డ్రైవర్లకు ప్రత్యేకంగా చోటిచ్చింది. అదే సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. మన రాష్ట్రం దేశపు సగటుకు మూడు రెట్లు పైన ఉంది. మర్మాంగం మీద మానని పుండు, వాపు ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకడం ఇంకా తేలిక. కాబట్టి సెగను, సవాయిని చిన్న జబ్బులని వదిలేయడానికి వీల్లేదు.

బలవంతం ఓడిపోయింది, నమ్మకం గెలిచింది

ఇలాంటి జబ్బుల మాట రాగానే "వాళ్లను పట్టుకుని పరీక్షలు చేయించాలి, ఊరవతల పెట్టాలి" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ పద్ధతిని మన దేశం ఒకసారి చూసింది. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం పేరుతో వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలను రిజిస్టరులోకి ఎక్కించి, బలవంతంగా పరీక్షలు చేసి, జబ్బు ఉన్నవాళ్లను లాక్ హాస్పిటళ్లలో నిర్బంధించింది. నెల్లూరు అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో అయితే ఆ శతాబ్దం మొదటి నుంచే ఇలాంటి ఆసుపత్రులు నడిచాయి. సైనికుల ఆరోగ్యం కోసం చేసిన ఆ చట్టం ఆడవాళ్లనే పట్టుకుంది, వాళ్ల దగ్గరికి వచ్చే మగవాళ్లను వదిలేసింది. పోలీసులంటే భయపడి స్త్రీలు ఊళ్లు మారారు, పేర్లు దాచారు. 1888లో ఆ చట్టాన్ని రద్దు చేయక తప్పలేదు. ఇద్దరిలో ఒకరినే వెతికే పద్ధతి ఎంత కఠినంగా నడిచినా జబ్బును ఆపలేదు.

అమెరికాలో థామస్ పారన్ అనే వైద్యాధికారి 1934లో రేడియో ప్రసంగం చేయబోతే, సిఫిలిస్ అనే మాట పలకడానికి వీల్లేదని రేడియో కంపెనీ అడ్డుపడింది. ఆయన ప్రసంగమే మానుకున్నారు. తర్వాత దేశానికి సర్జన్ జనరల్ అయ్యి, జబ్బు ఉన్నవాళ్లను త్వరగా కనిపెట్టాలి, వెంటనే వైద్యం చేయాలి, వాళ్లతో సంబంధం ఉన్నవాళ్లనూ పిలిపించాలి, గర్భిణులకు పరీక్షలు చేయాలి, జనానికి దాపరికం లేకుండా చెప్పాలి అని ఊరూరా ప్రచారం చేశారు. 1943లో పెన్సిలిన్ సిఫిలిస్‌ను నయం చేస్తుందని తేలాక ఆ పద్ధతికి బలం వచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతా నడుస్తున్న దారి దాదాపు అదే.

కాని అదే అమెరికా ప్రజారోగ్య శాఖ 1932 నుంచి 1972 వరకు టస్కీగీ అనేచోట సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి పేదలకు వైద్యం అందకుండా చేసి, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. ఆసుపత్రి మీద నమ్మకం ఒకసారి పోతే తిరిగి రావడానికి తరాలు పడుతుందని ఆ ఘోరం చెబుతోంది.

మనకు దగ్గరి కథ చెన్నైలోది. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి, సెక్స్ వర్క్‌లో ఉన్న స్త్రీల రక్త నమూనాలు సేకరించారు. వేలూరు సీఎంసీలో పరీక్షిస్తే కొన్నింటిలో హెచ్‌ఐవీ బయటపడింది. దేశంలో హెచ్‌ఐవీ ఉనికి మొదట తెలిసింది అలాగే. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది కలకత్తా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జనా, సెక్స్ వర్కర్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దే పని ఎత్తుకున్నారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో మొదలైన ఆవాహన్ కార్యక్రమం కూడా అదే బాట పట్టింది. పోలీసును చూసి పారిపోయే మనిషి, తనలాంటి మనిషి వచ్చి "నేనూ చూపించుకున్నా, రా" అంటే వెంట నడుస్తుంది. కండోములు, క్లినిక్కులు, పరీక్షలు ఆ నమ్మకం వెనకే వచ్చాయి.

లెక్కలు సరిగ్గా కట్టడం కూడా మన గుంటూరు జిల్లానే నేర్పింది. 2004, 2005ల్లో లలిత్ దండోనా పరిశోధక బృందం అక్కడ ఇంటింటికీ వెళ్లి, ఒప్పుకున్నవారి రక్తం పరీక్షిస్తే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు అధికారిక అంచనాలో సగం కూడా లేరని తేలింది. ఆసుపత్రికి వచ్చినవాళ్లను మాత్రమే లెక్కిస్తే బొమ్మ వంకరగా వస్తుంది. 2007లో దేశపు అంచనాను దాదాపు 25 లక్షలకు సవరించారు.

జబ్బును ఎలా కనిపెడతారు

ప్రజారోగ్య శాఖ దగ్గర నాలుగు దారులున్నాయి. మీరు ఏ దారిలో ఎదురుపడినా భయపడకుండా ఉండాలంటే వాటి సంగతి తెలియాలి.

మొదటిది, బాధతో వచ్చినవాళ్లు. ల్యాబు రిపోర్టు కోసం రెండు మూడు రోజులు ఆగమంటే పల్లె మనిషి మళ్లీ రాడు. కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, ధైర్యం కూడా పోతుంది. అందుకే లక్షణాన్ని బట్టి ఆ రోజే మందు ఇచ్చే పద్ధతి వచ్చింది. టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో గ్రామీణ క్లినిక్కుల్లో ఈ పద్ధతిని సక్రమంగా నడిపితే కొత్తగా హెచ్‌ఐవీ సోకడం 40 శాతం దాకా తగ్గిందని 1995లో వెలువడిన అధ్యయనం చూపింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇందుకోసం రంగుల కిట్లు ఏడు ఉన్నాయి. చీము కారుతుంటే బూడిదరంగు కిట్టు, తెల్లబట్టకు ఆకుపచ్చ, హెర్పిస్ కాని పుండుకు తెలుపు, పెన్సిలిన్ పడనివాళ్లకు నీలం, నీటిపొక్కుల్లాంటి హెర్పిస్‌కు ఎరుపు, ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్ల కట్టి వాస్తే నలుపు. ఏ కిట్టు ఎవరికో నిర్ణయించాల్సింది డాక్టరే. రంగు తెలిసిందని అడిగి తెచ్చుకుని మింగకూడదు.

రెండోది, గర్భిణులు. సిఫిలిస్ ఉన్న తల్లికి వైద్యం అందకపోతే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టవచ్చు. వేళకు పెన్సిలిన్ సూది పడితే బిడ్డ కూడా దక్కుతుంది. హెచ్‌ఐవీ ఉన్న తల్లి వేళకు, వైరస్‌ను అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు మొదలుపెడితే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపవచ్చు. అందుకే నెల తప్పిందని తెలియగానే చేసే మొదటి పరీక్షల్లోనే ఈ రెండూ ఉండాలి. తల్లి నుంచి బిడ్డకు ఈ రెండు జబ్బులూ సోకడాన్ని క్యూబా 2015లో, థాయిలాండ్ 2016లో, మన పక్కనున్న శ్రీలంక 2019లో దాదాపు లేకుండా చేశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

మూడోది, ముప్పు ఎక్కువున్నవాళ్ల దగ్గరికి వాళ్లలో ఒకరినే పంపడం. సెక్స్ వర్కర్లు, హిజ్రాలు, మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, అందరికీ ఇదే వర్తిస్తుంది.

నాలుగోది, ఈ అధ్యాయానికి గుండెకాయ లాంటిది, జబ్బు దొరికిన మనిషి ద్వారా అతని భాగస్వామిని పిలిపించడం. మొదటి మూడు దారుల్లో మనిషి దొరికినా నాలుగోది మూసుకుపోతే అంతా వృథా. చెరువు కట్టకు రెండుచోట్ల గండి పడితే ఒకటి పూడ్చి ఇంటికొచ్చే రైతు అనంతసాగరంలో ఉండడు.

పైకి కనపడదు, లోపల ఉంటుంది

రెండో మనిషి ఎందుకు దొరకడంటే, జబ్బు వాళ్లలో మౌనంగా ఉంటుంది కాబట్టి. గనేరియా మగవాళ్లలో చాలాసార్లు మంట, చీముతో రోజుల్లోనే బయటపడుతుంది. ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. క్లమీడియా ఇద్దరిలోనూ ఎక్కువసార్లు చడీచప్పుడు లేకుండా ఉంటుంది. ఆ మౌనంలోనే గర్భాశయ నాళాలు మూసుకుపోయి, పదేళ్లయినా పిల్లలు కలగలేదని గుళ్ల చుట్టూ తిరిగే ఆడవాళ్లున్నారు. నింద ఆమె మీద పడుతుంది.

సిఫిలిస్ ఇంకా మోసకారి. దాని మొదటి పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు. మందు వేసినా, వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. పొట్లం ఇచ్చినవాడి హస్తవాసి అని మనం మురిసిపోతాం. జబ్బు మాత్రం రక్తంలోకి దిగి, ఒంటిమీద, అరిచేతుల్లో, అరికాళ్లలో దద్దురుగా వచ్చి, మళ్లీ మాయమై, వైద్యం అందకపోతే ఏళ్ల తర్వాత కొందరిలో గుండెనూ మెదడునూ పట్టుకుంటుంది. పుండు మానింది కాబట్టి జబ్బు పోయిందనుకోకండి. రక్తపరీక్ష ఒక్కటే నిజం చెబుతుంది.

ఇక్కడే ఇంకో మాట. తెల్లబట్ట అయిన ప్రతిసారీ అది సుఖవ్యాధి కాదు. ఒంట్లో సహజంగా ఉండే సూక్ష్మజీవుల తూకం తప్పినా, ఫంగస్ పెరిగినా తెల్లబట్ట అవుతుంది. పరీక్ష కాకముందే భార్యను అనుమానించడం, అత్తగారు నోరు పారేసుకోవడం కాపురాన్ని కూలుస్తుంది.

మొదటి మెట్టు: మీరు చూపించుకోవడం

పుండు, పొక్కులు, చీము, మంట, గజ్జల్లో బిళ్లలు, కలయికలో నొప్పి, పొత్తికడుపు నొప్పి, వాసనతో తెల్లబట్ట, వృషణాల వాపు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అనంతసాగరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. ఊళ్లో చూపించుకోవడానికి మొహమాటమైతే ఉదయగిరి సామాజిక ఆరోగ్య కేంద్రమో, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రో, నెల్లూరు పెద్దాసుపత్రో ఉన్నాయి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ జబ్బుల వైద్యానికి సురక్ష క్లినిక్ అనీ, సలహాకూ పరీక్షకూ ఐసీటీసీ అనీ బోర్డులుంటాయి. అక్కడ కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. పరీక్ష ఉచితం. హెచ్‌ఐవీ పరీక్షకు తీసిన రక్తం మీద మీ పేరు కాదు, నంబరు ఉంటుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే 1097 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేయండి.

ఒక ఎస్‌టీఐ ఉన్నవాళ్లు సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు రెండూ చేయించుకోవాలి. హెచ్‌ఐవీ సోకిన మొదటి వారాల్లో పరీక్షలో కనపడకపోవచ్చు, అందుకే మూడు నెలల తర్వాత ఇంకోసారి చేయించుకోవాలి. హెచ్‌ఐవీ ఉందని తేలినా ఈ రోజుల్లో అది మరణశాసనం కాదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడుతున్నారు. మందు తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచినవాళ్ల నుంచి లైంగికంగా అది ఇంకొకరికి సోకదు.

మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోకండి. గనేరియా క్రిమి ఎన్నో యాంటిబయాటిక్‌లకు లొంగకుండా తయారైంది. ఒకప్పుడు పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు చాలాచోట్ల పనికిరావడం లేదు. అరకొర మందు మీ బాధను కప్పిపుచ్చి, క్రిమిని మరింత మొండిగా మారుస్తుంది.

రెండో మెట్టు: ఆ మాట చెప్పడం

మందు తీసుకున్నారు, మంట తగ్గింది. ఇప్పుడే అసలు పని మొదలవుతుంది. సెగ, క్లమీడియా అయితే గత రెండు నెలల్లో మీతో కలిసినవాళ్లందరికీ తెలియాలి. సిఫిలిస్ అయితే దశను బట్టి మూడు నెలల నుంచి ఏడాది దాకా వెనక్కి వెళ్లాలి. ముందు ఇంట్లో మనిషికి చెప్పండి.

చెప్పడానికి సమయం ఎంచుకోండి. తాగి ఉన్నప్పుడు వద్దు, తగాదా మధ్యలో వద్దు, అత్తమామలు వినేచోట వద్దు. నాన్చకుండా మూడు విషయాలు చెప్పండి: నాకు జబ్బు ఉంది, నీకూ ఉండే అవకాశముంది, ఇద్దరం వైద్యం చేయించుకుంటే పోతుంది. మన మాటలో చెప్పాలంటే ఇలా:

"ఇదో, కాసేపు కూర్చో. నీతో ఒక మాట చెప్పాల. నాకు ఒక జబ్బు తగిలింది, ఆస్పత్రిలో చూపించుకున్నా. దాంట్లో నీ తప్పేమీ లేదు. నేనొక్కణ్ణే మందు తింటే పోదంట. నీకు పైకి ఏం కనపడకపోయినా లోపల ఉండొచ్చంట. రేపు ఇద్దరం పోయి నీకు కూడా చూపించుకొద్దాం."

భార్యకు ముందు తేలితే:

"ఏమయ్యా, ఆస్పత్రిలో నాకు పరీక్ష చేసినారు. ఇన్‌ఫెక్షన్ ఉండాదన్నారు. ఇద్దరం మందు వాడకపోతే మళ్లా మళ్లా వస్తానే ఉంటాదంట. నర్సమ్మ నిన్ను కూడా తీసకరమ్మనింది. పద, పోయొద్దాం."

"ఎవరి వల్ల వచ్చింది?" అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. కొన్ని ఇన్‌ఫెక్షన్లు నెలలు, ఏళ్లు లోపలే దాగుంటాయి. ఎవరికి ముందు సోకిందో ఒక్క పరీక్షతో తేలదు. మీకు తెలిసిన నిజం ఉంటే చెప్పండి, కాని ఆ తగవు తీరేదాకా వైద్యాన్ని వాయిదా వేయకండి. కోపం చల్లారడానికి నెలలు పట్టవచ్చు, మందుకు అంత వ్యవధి లేదు.

ఒక్క మోతాదు మందు తీసుకున్నవాళ్లు కనీసం ఏడు రోజులు, ఇద్దరి వైద్యం పూర్తయ్యేదాకా, కలయికకు దూరంగా ఉండండి. సిఫిలిస్‌కు ఎంతకాలం ఆగాలో డాక్టరును అడగండి. తర్వాత రమ్మన్న రోజున మళ్లీ చూపించుకోండి.

మీ నోటితో చెప్పలేకపోతే కౌన్సెలర్ సాయం తీసుకోండి. ఇద్దరూ కలిసి వస్తే ఆయన లేదా ఆమె సమక్షంలో చెప్పవచ్చు. కొన్ని క్లినిక్కుల్లో భాగస్వామికి ఇవ్వడానికి చిన్న కార్డు ఇస్తారు, అది చూపిస్తే ఎక్కువ ప్రశ్నలు లేకుండా చూస్తారు.

చెబితే కొడతాడని, ఇంట్లోంచి గెంటేస్తారని భయం ఉన్న స్త్రీలకు నా మాట: మీ ప్రాణం ముందు. ఒంటరిగా చెప్పకండి. ముందు కౌన్సెలర్‌కు ఆ భయం గురించి చెప్పండి. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం ఇలాంటి స్త్రీలను దృష్టిలో పెట్టుకుంది. మీ సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. ముప్పులో ఉన్న భాగస్వామికి డాక్టరు, కౌన్సెలర్ చెప్పడానికి చట్టం షరతులతో వీలిచ్చినా, చెప్పడం వల్ల స్త్రీని వదిలేస్తారని, ఆమెకూ పిల్లలకూ హాని జరుగుతుందని అనుకుంటే చెప్పకూడదంది. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించడం కూడా చట్టవిరుద్ధం.

ఊరు చేయాల్సిన పని

ఒక మనిషి ధైర్యం ఊరి తీరు మీద ఆధారపడి ఉంటుంది. ఆశా కార్యకర్తలూ, ఏఎన్‌ఎంలూ, ఒక ఇంటి సంగతి ఇంకో ఇంటి అరుగు మీద ఎత్తకండి. ఒక్కసారి నోరు జారితే ఆ ఊళ్లో పదేళ్ల దాకా ఎవరూ పరీక్షకు రారు. ఆర్ఎంపీలూ, జనం ముందుగా వచ్చేది మీ దగ్గరికే. సూది వేసి పంపకుండా ఆసుపత్రికి పంపండి, భార్యనో భర్తనో వెంట తీసుకుపొమ్మని చెప్పండి. హైస్కూలు టీచర్లూ, జీవశాస్త్రంలో ఈ పాఠం రాగానే పేజీ తిప్పేయకండి.

టీకాలతో ఆపగలిగే జబ్బులూ వీటిలో ఉన్నాయి. హెపటైటిస్ బి రక్తం ద్వారానే కాదు, లైంగికంగా కూడా సోకుతుంది. మన నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దీనికి స్వదేశీ టీకా తెచ్చి, అంతవరకు పేదలకు అందని ధరను నేలకు దించింది. ఇప్పుడది పసిపిల్లల టీకాల్లో భాగం. ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా గురించి మీ డాక్టరును అడగండి.

ఈ వారం మీరు చేయాల్సినవి

1. 1097 నంబరును ఫోనులో దాచుకోండి. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉన్న మీ తమ్ముడికి, బావకు పంపండి.

2. మీ ఇంట్లో నెల తప్పినవాళ్లుంటే సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు అయ్యాయా అని తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి. కాకపోతే రేపే తీసుకెళ్లండి.

3. పైన చెప్పిన లక్షణాల్లో ఏదైనా మీలో ఉంటే, ఏ ఆసుపత్రికి ఏ రోజు పోతారో ఇప్పుడే నిర్ణయించుకోండి. "తర్వాత" అనే రోజు రాదు.

4. ఇదివరకు పొట్లాలతో తగ్గించుకున్న పుండు ఏదైనా ఉంటే, ఎన్నేళ్లయినా సరే, సిఫిలిస్ రక్తపరీక్ష చేయించుకోండి.

5. దూరప్రయాణాల్లో కండోము దగ్గర ఉంచుకోండి. అది వ్యభిచారానికి అనుమతి కాదు, ఇంట్లో ఉన్న మనిషికి రక్షణ.

6. జబ్బు మీకే తేలితే, ఎవరెవరికి చెప్పాలో పేర్లు మనసులో వరసగా పెట్టుకుని, మొదటి పేరుకు ఈ వారంలోనే చెప్పండి.

వందల కోట్లు ఖర్చు పెట్టి ప్రభుత్వం మందులు కొనగలదు, క్లినిక్కులు కట్టగలదు, చట్టాలు చేయగలదు. మీ భార్యతో, మీ భర్తతో మీ బదులు మాట్లాడలేదు. సిగ్గు దాచుకోవడానికి మీరు మౌనంగా ఉన్న ప్రతి రోజూ, ఏ తప్పూ చేయని ఒక మనిషి ఒంట్లో జబ్బు పెరుగుతుంది. ఆ మనిషి మిమ్మల్ని నమ్మి మీ పక్కన ఉన్న మనిషి. చూపించుకోండి, చెప్పండి, ఇద్దరూ కలిసి వైద్యం పూర్తి చేసుకోండి.